రెప్ప కొట్టకక్కా

మా అక్క రెప్పపడ్డ ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఈ మాట నేను చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఏదో పని ఉన్నట్టు అక్కడి నుంచి లేచిపోతాను.

నేను ఫోటోలు తీయడం నేర్చుకున్నది ఆమె ముఖం మీదే. అవి రీలు కెమెరాల రోజులు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. అందులో ఒక్కటి పాడైనా బాపు, మా నాన్న, ఇల్లు పీకి పందిరి వేసేవాడు. ఆయన మీద చూపలేని కోపం నేను అక్క మీద చూపేవాణ్ణి. "రెప్ప కొట్టకక్కా, కొట్టినవంటే చూడు మల్ల" అని అరిచేవాణ్ణి, నాకంటే ఆరేళ్లు పెద్దదాన్ని పట్టుకుని. ఆమె ఊపిరి బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా సరే, నేను "అయింది" అనేదాకా కెమెరా వైపే చూసేది. తర్వాత నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర స్టూడియో పెట్టి ఎన్నో పెళ్లిళ్లు తీశాను. పెళ్లికూతుళ్ల మీద అరవలేం కదా, బతిమాలాను. అక్కలాగా కన్ను నిలిపినవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

రెండువేల పన్నెండు జూన్ మొదటి వారంలో నాకు పని లేదు. శుక్ర మూఢాలు నడుస్తున్నాయి. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వచ్చి కనబడకుండా పోతే మా దగ్గర ముహూర్తాలు ఉండవు. ముహూర్తాలు లేకపోతే నాకు పెళ్లిళ్లు ఉండవు. స్టూడియోలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే కనబడింది: అదే శుక్రుడు సూర్యుడి ముఖం మీద నల్లటి చుక్కలాగా నడిచిపోతాడట, పొద్దు పొడిచినప్పటి నుంచి పదిన్నర దాకా చూడొచ్చట, మళ్లీ ఇట్లాంటిది నూట అయిదేళ్లకు గానీ రాదట. నాకు నవ్వొచ్చింది. నా పొట్ట కొట్టి కూర్చోబెట్టినవాడు తానే వచ్చి ఫోటోకు నిలబడుతున్నాడు, తీయకుండా ఎట్లా వదులుతాను?

కెమెరా కొత్తది. దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాణ్ణి. పెద్ద లెన్సును సూటిగా సూర్యుడి మీదికి తిప్పితే లోపలి సెన్సారు కాలిపోతుందని చదివి భయపడ్డాను. హైదరాబాదు నుంచి సూర్యుడి కోసమే చేసిన ఫిల్టరు తెప్పించాను. వెండిరేకులా మెరిసే పల్చటి షీటు. దాన్ని గుండ్రంగా కత్తిరించి, అట్ట చుట్టలో బిగించి, లెన్సు ముందు మూతలాగా తొడిగాను. వెనక కాదు, ముందే ఉండాలి. లోపలికి వెళ్లకముందే ఎండను ఆపాలి. ఎక్కడైనా సూదిమొన అంత రంధ్రం ఉందేమోనని ట్యూబులైటుకు ఎదురుగా పట్టి మూడుసార్లు చూశాను. కెమెరా కిటికీలో కన్ను పెట్టొద్దు, వెనక తెర మీదే చూడాలి అని కూడా రాసిపెట్టుకున్నాను.

షీటులో అరచెయ్యంత ముక్క మిగిలింది. మొదటిది చిరిగితే పనికొస్తుందని కవర్లో పెట్టి సంచిలో వేసుకున్నాను. అది రెండు కళ్లకు సరిపోయే ముక్క అని నాకు తట్టలేదు. ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపే సంగతి ఇదే. నేను తెలియనివాణ్ణి కాదు. ఎండ ఏం చేస్తుందో చదివాను, నమ్మాను, జాగ్రత్తపడ్డాను. అంతా కెమెరా కోసం.

కంఠేశ్వర్‌లో ఎటు చూసినా మేడలే. తూర్పు కనబడాలంటే బోధన్ పోవాలి. అక్క అక్కడే ఉంటుంది. వాళ్ల డాబా మీదికి ఎక్కితే తూర్పున చెరుకు తోటలు, తోటల అవతల చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. ఆ గొట్టం అంచున సూర్యుడు, సూర్యుడిలో చుక్క. ఫ్రేము నా బుర్రలో ముందే తయారైపోయింది. ముందు రోజు సాయంత్రమే బండి మీద వెళ్లాను.

అక్క గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా బావ దుబాయిలో ఉంటాడు, పంపినప్పుడు పంపుతాడు. ఇల్లు నడిచేది అక్క బీడీల మీద. బయటివాళ్లు అది వేళ్ల పని అనుకుంటారు. అది కళ్ల పని. తునికాకు ఈనె ఎటు పోతుందో చూసి కత్తిరించాలి, పొడుంలో పుల్ల ఉంటే ఏరాలి, సన్నటి దారం మూతి దగ్గర సరిగ్గా కట్టాలి. ఏ ఒక్కటి తప్పినా కార్ఖానాలో తీసి పక్కన పారేస్తారు. అక్క కట్టలో పారేసేవి ఉండవని ఆ వాడలో పేరు.

"ఏందిరా తమ్మీ, గింత పెద్ద సామాను? మా గల్లీల ఎవ్వలి లగ్గం ఉంది?" అంది నా సంచి చూసి.

"పొద్దుది. రేపు పొద్దు ముంగట సుక్క నడుస్తది."

"సాలు తియ్ నీ ముచ్చట్లు," అని నవ్వి రొట్టెలు చేయడానికి లేచింది.

మిరుగు, అదే మృగశిర కార్తె, ఇంకా రాలేదు గానీ తెల్లవారుజామున తూర్పున మబ్బులున్నాయి. గొట్టం పక్కన పొడవాల్సిన సూర్యుడు మబ్బు వెనకే ఉండిపోయాడు. నా ఫ్రేము పోయింది. మబ్బుల్ని, మిరుగుని, పేపరువాణ్ణి అందరినీ తిట్టుకున్నాను. పొద్దు కాస్త ఎక్కాక మబ్బు విడింది. కెమెరా తెర మీద సూర్యుడు గుండ్రంగా తేలాడు, అందులో కందిగింజంత నల్లటి చుక్క. అంత నున్నగా, అంత నల్లగా ఉంటుందని అనుకోలేదు. ఒక్క క్షణం ఒళ్లు జల్లుమంది. భూమి అంత పెద్ద లోకం అది, కందిగింజై కనబడుతోంది. "అక్కా! జల్దీ రా, పైకి రా!" అని వాడంతా వినబడేలా అరిచాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి తొంగి చూసింది. చూసి మూతి విరిచింది.

"గిది టీవీల సూసినట్టే ఉన్నది గదరా. నా కండ్లతోని సూడాలె నేను."

"కండ్లతోని సూడొద్దక్కా, పోతయ్."

"సక్కగ పొద్దు దిక్కు ఎవ్వలు సూస్తరు? అవ్వ మనకు గ్రహణం నాడు పసుపు నీళ్లల్ల సూపెట్టలేదా?"

అవును, అవ్వ, మా అమ్మ, చూపేది. ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి, చారెడు పసుపు కలిపి, అందులో గ్రహణం పట్టిన సూర్యుణ్ణి చూపేది. పసుపు ఉంటే కంటికి చల్లన అనేది. పసుపు పండే జిల్లాలో పుట్టినవాళ్లం, పసుపు చేయని మేలు ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. నేను వద్దనలేదు. అసలు నేను వినడమే సగం విన్నాను, నా చూపు తెర మీదుంది. అక్క కిందికి వెళ్లి తాంబాళం తెచ్చి, తూర్పు పిట్టగోడ మీద పెట్టి, గడ్డం దాదాపు గోడకు ఆనించి, నీళ్లలోకి చూసింది.

నేను తల తిప్పాను. నీళ్లమీది వెలుగు పచ్చగా ఎగిరి ఆమె ముఖం మీద ఆడుతోంది. ఎదురుగా చెరుకు తోట, గొట్టం. ముక్కుపుల్ల మెరుస్తోంది. పెళ్లిళ్లలో ఎన్ని లైట్లు పెట్టినా రాని వెలుగు అది. పొద్దుటి నుంచి పోయిందనుకున్న ఫ్రేము నా కళ్లముందు నిలబడి ఉంది. స్టాండు మీది కెమెరాను అట్లాగే వదిలి సంచిలోంచి రెండో కెమెరా తీశాను. కవరులోని ఫిల్టరు ముక్క నా వేళ్లకు తగిలింది. దాన్ని పక్కకు నెట్టాను.

"అక్కా, గట్లనే ఉండు. కదలకు."

"ఏం కనవడ్తలేదురా, మొత్తం ఎలుగే ఉంది."

"కనవడ్తది. నడిమిట్ల సూడు. సూస్తనే ఉండు."

"కండ్లు గుంజుతున్నయ్ తమ్మీ."

"ఒక్క నిమిషం. రెప్ప కొట్టకక్కా."

ఆమె రెప్ప కొట్టలేదు. ఎప్పుడు కొట్టింది గనక? కంటి చివర నీరు ఊరి జారితే నాకు సంతోషమేసింది, అది కూడా ఫ్రేములో పడుతుందని. ఎడమ నుంచి తీశాను, కింద కూర్చుని తీశాను, గోడ ఎక్కి తీశాను. "అయింది" అన్నాకే ఆమె రెండు అరచేతులతో కళ్లు మూసుకుంది. "సుక్క కనవడనే లేదు, ఉత్త పుణ్యానికి నిలవెట్టినవ్" అంది. నేను నవ్వాను.

పదిన్నరకు శుక్రుడు సూర్యుణ్ణి దాటిపోయాడు. చాయ్ తాగి బండెక్కాను. స్టూడియోకు వచ్చి ఫోటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే నా గుండె ఉప్పొంగింది. అక్క రెండు కంటిపాపల్లో రెండు చిన్న సూర్యుళ్లు! కంట్లో మెరుపు పడితేనే ముఖానికి ప్రాణమొస్తుందని మా పనిలో అందరూ చెప్పేదే. అంతకంటే మెరుపు ఎవరికి పడుతుంది? ఆ ఫోటోను ఒక పత్రిక జిల్లా పేజీకి పంపాను.

మధ్యాహ్నం మూడింటికి అక్క ఫోను చేసింది. గొంతులో హుషారు.

"తమ్మీ, నువ్వు పోయినంక కనవడ్డదిరా సుక్క!"

"ఎక్కడ అక్కా? గది పోయింది గదా."

"ఏడ పోయింది? గీడనే ఉన్నది. గోడ దిక్కు సూస్తే గోడ మీద, చాట దిక్కు సూస్తే చాట మీద. ఎటు సూస్తే అటే నడుస్తుంది. పొద్దుగాల కనవడలే అని తిట్టుకున్న, ఇప్పుడు పోతనే లేదు."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది, దారం కట్టే దగ్గరే వచ్చి నిలబడుతోందని, చిత్రంగా ఉందని, నవ్వుతోంది. నా కళ్లముందు కంప్యూటరు తెర నిండా ఆమె ముఖం. కంటిపాపల్లో రెండు సూర్యుళ్లు. నేను మురిసిపోయిన ఆ మెరుపు ఆమె కన్ను కాలుతుండగా తీసిన బొమ్మ అని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అక్కను కంఠేశ్వర్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చాను. అక్క బస్సులో వస్తూ సీట్ల మీది రాతలు చదవడానికి ప్రయత్నించి, నడిమి అక్షరం ఒక్కటి ఎప్పుడూ మాయమవుతోందని చెప్పింది. అప్పటికి ఆమె నవ్వడం లేదు. "బీడీలు సుట్టనొస్తదారా నాకు?" అని మాత్రం రెండుసార్లు అడిగింది. నేను "వస్తది" అన్నాను. ఏం తెలిసి అన్నానో నాకే తెలియదు.

డాక్టరమ్మ మందు వేసి, చీకటి గదిలో చాలాసేపు చూసి, బయటికొచ్చి కూర్చుంది. ఆమె బల్ల మీద ఆ రోజు పేపరు ఉంది. జిల్లా పేజీ పైకి మడిచి ఉంది. అందులో సగం పేజీ తాంబాళం మీద వంగిన అక్క ముఖం. డాక్టరమ్మ పేపరు వైపు చూసింది, అక్క వైపు చూసింది.

"ఈ ఫోటోల ఉన్నది నువ్వేనామ్మా?"

"నేనే మేడం," అంది అక్క, కొంచెం సిగ్గుగా.

"ఇంతసేపు నీళ్లలో ఎండను చూస్తుంటే పక్కన ఉన్నోడు ఆపకుండా ఫోటో తీసిండా? వానికి బుద్ధి ఉందా?"

నేను నేల చూపులు చూస్తున్నాను. అక్క గబుక్కున అంది, "మా తమ్ముడే మేడం. గీయననే. మంచిగ తీసిండు గదా?"

చెంప పగలగొట్టినా అంత సిగ్గు పడేవాణ్ణి కాదు. నన్ను కాపాడాలని అంది ఆమె ఆ మాట. డాక్టరమ్మ ఇక నన్ను తిట్టలేదు. ఎంతసేపు చూసిందో కచ్చితంగా కావాలి అంది. అక్కకు తెలియదు. నాకు తెలుసుకునే దారి ఉంది. కెమెరా ప్రతి ఫోటో మీద టైము రాస్తుంది. సంచిలోంచి తీసి చూశాను. మొదటి ఫోటోకూ ఆఖరి ఫోటోకూ మధ్య నాలుగు నిమిషాలు. నేను ఒక్క నిమిషం అన్నాను ఆమెతో.

పసుపు సంగతి అప్పుడే చెప్పింది డాక్టరమ్మ. పసుపు నీళ్ల లోపల ఉంటుంది, కంట్లో పడే ఎండ నీళ్ల లోపలికి పోకుండా పైనుంచే తిరిగి వస్తుంది. పసుపు కలిపినా కలపకపోయినా ఒకటే. అందులోనూ పొద్దున సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, చూపు వాలుగా పడుతుంది కాబట్టి, నీళ్లు అద్దం పని చేస్తాయి. కంటి వెనక పొరలో సూటిగా చూసే చోటు కాలింది. అక్కడ నొప్పి తెలియదట, అందుకే ఎవరూ చూపు తిప్పుకోరట.

"మా అవ్వ సూపెడుతుండె మేడం," అంది అక్క.

"అదీ తప్పేనమ్మా. ఎంతసేపు చూపెడుతుండె?"

అక్క నావైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అవ్వ మమ్మల్ని ఒక్క చూపు చూడనిచ్చి జడ పట్టి, జుట్టు పట్టి వెనక్కి లాగేది. ఇంకోసారి అని ఏడిస్తే వీపు మీద ఒక్కటి వేసేది. మేము తాంబాళం గుర్తుపెట్టుకున్నాం, పసుపు గుర్తుపెట్టుకున్నాం, ఆ దెబ్బ మరిచిపోయాం. దెబ్బ వేయాల్సిన చోట నేను "రెప్ప కొట్టకు" అన్నాను.

దీనికి మందంటూ లేదు, తనంతట తాను ఎంత మానితే అంత అన్నారు. ఎడమ కన్ను వానాకాలం అయిపోయేలోగా మానింది. కుడి కంట్లో చుక్క నలుపు పోయి మసక అయింది గానీ ఉండిపోయింది. మొదటి నెలల్లో కార్ఖానాలో అక్క కట్టల్లోంచి బీడీలు ఏరి పారేశారు. ఎవరి దగ్గరా ఏడవలేదు, బావకు ఫోనులో చెప్పలేదు. తల ఒక పక్కకు తిప్పి దారం కట్టడం నేర్చుకుంది. "కోడి లెక్క సూస్తున్నరా నేను" అని నవ్వేది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయేవాణ్ణి, ఏదో కసిరి వచ్చేసేవాణ్ణి. మన తప్పుకు ఎదుటివాళ్ల మీద కోపం రావడం ఎంత సిగ్గుమాలిన పనో నాకు తెలుసు. అయినా వచ్చేది.

ఆ ఫోటో నా స్టూడియోలో పెట్టలేదు. అక్క మాత్రం పేపరు ముక్క కత్తిరించి, ఫ్రేము కట్టించి వాళ్లింట్లో పెట్టుకుంది. "ఫోటోల నేను మంచిగ వడ్డ గదా, నీకేం నొప్పి?" అంటుంది. నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను. పెళ్లిళ్లలో రెప్ప కొట్టొద్దనే మాట నా నోట రావడం ఆగిపోయింది. అందుకని నా ఆల్బముల్లో కళ్లు మూసుకున్న పెళ్లికూతుళ్లు పెరిగారు. తిట్లు పడ్డాను. పడనీ.

నాలుగేళ్లకు, రెండువేల పదహారు మే నెలలో, ఈసారి బుధుడు సూర్యుడి మీదుగా పోతాడని వచ్చింది. సాయంత్రం పూట, పొద్దు గుంకేదాకా. నేను ఆ పేపరు మడిచి దాచేశాను. అక్కే ఫోను చేసింది.

"గీసారి నాకు సూపెట్టు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అరిచాను. "ఒకసారి అయింది సాలదా?"

"అప్పుడు నువ్వు నాకు సూపెట్టలేదురా. ఫోటో తీసినవ్, గంతే."

నాలుగేళ్లలో ఆమె నన్ను అన్న ఒకే ఒక మాట అది. కోపంగా కూడా అనలేదు.

సర్కారు బడిలో సైన్సు చెప్పే సారు దగ్గర చిన్న దూరదర్శిని అడిగి తెచ్చాను. దానిలోంచి ఎవరూ చూడకూడదు. దాన్ని సూర్యుడి వైపు తిప్పితే వెనకనుంచి వచ్చే వెలుగు కాగితం మీద పడుతుంది, ఆ కాగితం మీద బొమ్మ చూడాలి. కన్ను పెట్టే చోటును అట్టపెట్టెలో ఇరికించి నలువైపులా టేపు వేశాను. ఎవరైనా చూద్దామన్నా తల పట్టకుండా చేశాను. పక్కనున్న, గురి చూసే చిన్న గొట్టానికి కూడా మూత పెట్టి దారంతో కట్టాను. పెట్టె అడుగున తెల్లకాగితం, ఒక పక్క చూడటానికి కిటికీ. బోధన్‌లో అదే డాబా, ఈసారి పడమటి పిట్టగోడ. అక్కను సూర్యుడికి వీపు పెట్టి కూర్చోమన్నాను. ఆమె వెనక్కి తిరుగుతుందేమోనని భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాను, అవ్వ జడ పట్టుకున్నట్టే.

కాగితం మీద సూర్యుడు చిన్న పళ్లెమంత వచ్చాడు. నేను వెతికి వెతికి పట్టుకున్నాను. అంచుకు కొంచెం లోపల పెన్సిలు మొన ఆనించినంత చుక్క.

"గదిగో అక్కా, గక్కడ."

అక్క కిటికీలోకి వంగింది. కళ్లు చిట్లించి వెతికింది. కనబడలేదేమో, కనబడ్డా నమ్మలేకపోతుందేమో. నాలుగేళ్లుగా ఆమె చూసిన ప్రతి తెల్లటిదాని మీదా ఒక చుక్క ఉంది. దాన్ని పెట్టింది నేను.

"రెప్ప కొట్టక్కా," అన్నాను. "మంచిగ కొట్టు. ఎన్నిసార్లన్న కొట్టు."

ఆమె గట్టిగా రెండుసార్లు కొట్టింది. అరచేత్తో మానిన ఎడమ కన్ను మూసింది. "పోయింది," అంది మెల్లగా. చెయ్యి మార్చి, మసక ఉన్న కుడి కన్ను మూసింది. మళ్లీ వంగి చూసింది. ఆమె భుజం నా చేతి కింద చిన్నగా కదిలింది.

"ఉన్నది తమ్మీ," అంది. "గిది నాది కాదు."